ఎత్తి కూర్చోబెట్టే చేతులు

ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయం అబ్బాయి పింఛను తెచ్చి మా పెద్దమ్మ మంచం పక్కన నిలబడ్డాడు. 82 ఏళ్ల మనిషి. అంట్లు తోమి, కల్లాపి చల్లి వేళ్ల గీతలన్నీ అరిగిపోయాయి. మూడుసార్లు పెట్టించినా వేలిముద్ర పడలేదు. మా వదిన తడిగుడ్డతో వేలు తుడిచి, వీపు కింద చెయ్యేసి పైకెత్తి, తన భుజానికి ఆనించుకుంది. "ఇప్పుడు చూడు నాయనా" అంది. పడింది. 4 వేలు చేతికొచ్చాయి.

"మంచాన పడితే 15 వేలంట కదా, రాయించుకోలేదా?" అని వీధిలో అడగనివాళ్లు లేరు. ఆ మాట సగమే నిజం. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద వృద్ధులకు 4 వేలు, దివ్యాంగులకు 6 వేలు ఇస్తున్నారు. 15 వేలు వచ్చేది పక్షవాతం, తీవ్రమైన కండరాల క్షీణత, ప్రమాదం లాంటి కారణాలతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు. దానికి డాక్టరు కాగితం కావాలి. పెద్దమ్మకు జబ్బంటూ పేరేమీ లేదు. వయసు మీదపడి ఒళ్లు సడలింది, అంతే. ఆమె కూడా ఒకరు పట్టుకుంటేగానీ పక్కకు తిరగలేదు. అయినా వట్టి ముసలితనానికి ఆ జాబితాలో గడి లేదు. ఇక కేంద్రం సంగతంటారా, 80 దాటిన పేద వృద్ధులకు దాని వాటా నెలకు 500.

వదిన జాకెట్లు కుట్టేది. ఇప్పుడు కుట్టుమిషను మీద పెద్దమ్మ దుప్పట్లు మడిచి ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటివాళ్లకు సంరక్షకులని పేరు పెట్టింది. జీతం లేకుండా చూసుకునే ఇంటివాళ్లనూ అందులో చేర్చింది, భత్యం మాటా రాసింది. మన పింఛన్ల పట్టికలో మాత్రం ఆ మాట ఇంకా ఎక్కలేదు.

మా వదినలాంటి మనిషి అందరికీ దొరకదు. అందుకే ఇల్లూ పొలం పిల్లలకు రాసిచ్చే పెద్దలను ఒకటి బతిమాలుకుంటున్నా. "నన్ను పోషించాలి" అన్న షరతు దస్తావేజులో రాయించండి. ఆ షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షను కింద ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. అర్జీ ఆర్డీవో దగ్గర పెట్టుకోవాలి, వకీలుతో పనిలేదు. పిల్లలు చూడకపోతే నెలకు 10 వేల దాకా మనోవర్తి ఇప్పిస్తారు. దారి తెలియకపోతే వృద్ధుల సహాయ నంబరు 14567కు ఫోన్ చేయండి.

ప్రభుత్వాన్ని అడిగేది వేరే ఉంది. జబ్బు పేరొక్కటే చూడొద్దు. తనంతట లేవగలరా, ముద్ద నోట పెట్టుకోగలరా, దొడ్డికి పోగలరా అని అడిగి, దాన్నిబట్టి పింఛను కట్టాలి. రోజుకు మూడు గంటలు పెద్దమ్మ దగ్గర కూర్చునే మనిషి ఉంటే మా వదిన ఆ దుప్పట్లు తీసి మళ్లీ మిషను తొక్కుతుంది. ఆ మూడు గంటల కూలి ఇప్పించండి.