తీర్పుకు ముందు పంపే కృతజ్ఞతలు

అమెరికా వైద్య కళాశాలలో ప్రవేశానికి ఇంటర్వ్యూ ముగిసిన 24 గంటల్లోగా, ఇంటర్వ్యూ చేసినవారికి అభ్యర్థి కృతజ్ఞతాలేఖ పంపి తీరాలన్న అభిప్రాయం, అక్కడి డిగ్రీ కళాశాలల సలహాదారుల్లోనూ, రుసుము పుచ్చుకుని దరఖాస్తులు దిద్దిపెట్టే కన్సల్టెంట్లలోనూ, పిల్లలను డాక్టర్లను చేయాలని తపించే ప్రవాస తెలుగు కుటుంబాల్లోనూ బలంగా పాతుకుపోయింది. అది కనీస మర్యాద అని కొందరు, కళాశాలపై అభ్యర్థికి గల ఆసక్తికి నిదర్శనమని కొందరు, ఏమైనా పంపితే పోయేదేమీ లేదని ఎక్కువమంది అంటారు. ఈ మూడు వాదాల్లో ఒక్కటి కూడా పరిశీలనకు నిలవదు. అంతకంటే ముఖ్యంగా, నిర్ణయం వెలువడకముందే నిర్ణేతకు కృతజ్ఞత చెప్పించే ఈ ఆచారం అభ్యర్థులకూ ఎంపిక ప్రక్రియకూ కూడా కీడే చేస్తుంది.

ముందుగా ఎంపిక జరిగే తీరును గమనించాలి. ఎం.డి. కళాశాలలకు ఉమ్మడి దరఖాస్తులు స్వీకరించే ఆమ్‌కాస్ అనే వ్యవస్థ ద్వారా ఏటా 50 వేలమందికి పైగా పోటీ పడితే, సీటు దక్కేది అందులో సగంకంటే తక్కువమందికే. ఇంటర్వ్యూ చేసిన వైద్యుడో అధ్యాపకుడో కళాశాల ఇచ్చిన ప్రమాణాల ప్రకారం మార్కులు వేసి, తన అభిప్రాయాన్ని రాసి పంపుతాడు. నిర్ణయం మాత్రం ప్రవేశ కమిటీది. ఈ కళాశాలలకు గుర్తింపునిచ్చే ఎల్‌.సి.ఎం.ఇ. అనే సంస్థ ప్రమాణాల్లోనే, ప్రవేశాలపై తుది అధికారం అధ్యాపకులతో కూడిన కమిటీదేనన్న నియమం ఉంది. ఇప్పుడు లేఖ సంగతి చూస్తే, నివేదిక పంపేశాక అందిన లేఖ దేన్నీ మార్చలేదు. నివేదిక రాయకముందే అంది, వేయబోయే మార్కును ఒక్క పిసరు పెంచినా, అది ఇంటర్వ్యూ గదిలో కనబడని గుణానికి ఇచ్చిన మార్కు అవుతుంది. ఎటు తిరిగినా ఉరి బిగిసే ఇటువంటి చిక్కునే మన తార్కికులు ఉభయతఃపాశం అన్నారు: లేఖ పనిచేయకపోతే వృథా, పనిచేస్తే అన్యాయం.

ఇంటర్వ్యూలో కలిగే అభిప్రాయం ఎంత బలహీనమైన ఆధారమో తెలిపే ఉదంతం వైద్యవిద్యా చరిత్రలోనే ఉంది. 1979లో హ్యూస్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల ఆ ఏటి ఎంపిక పూర్తిచేసిన తరవాత, రాష్ట్ర శాసనసభ ఆదేశం మేరకు మరో 50 మందిని చేర్చుకోవలసి వచ్చింది. అప్పటికి మిగిలినవారు ఇంటర్వ్యూల అనంతరం జాబితా అట్టడుగుకు చేరినవారే. చదువులోనూ, ఆ తరవాతి శిక్షణలోనూ వీరికీ, మొదట ఎంపికైనవారికీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదని 1987లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెలువడిన అధ్యయనం తేల్చింది. గదిలో ముఖాముఖి ఏర్పడిన అభిప్రాయానికే ఇంత పరిమితి ఉన్నప్పుడు, ఆ అభిప్రాయానికి మర్నాడు లేఖతో మెరుగుపెట్టడం ఏ విధంగా సమర్థనీయం?

ఈ పరిమితిని గుర్తించే, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ అనే పద్ధతిని రూపొందించింది. అభ్యర్థి గదినుంచి గదికి మారుతూ, ఒక్కొక్క చోట ఒక్కొక్క పరీక్షకుడి ముందు కొద్ది నిమిషాలు మాత్రమే మాట్లాడే ఈ పద్ధతి 2004లో ప్రచురితమై అనేక దేశాలకు వ్యాపించింది. ఏ ఒక్కరి ఇష్టాయిష్టాలూ ఫలితాన్ని శాసించకూడదన్నదే దీని ఉద్దేశం. వ్యక్తిగత ప్రభావానికి ఇంత శ్రమపడి మూసిన తలుపును కృతజ్ఞతాలేఖ దొడ్డిదారిన తెరవజూస్తుంది. ఎం.డి. తరవాతి రెసిడెన్సీ శిక్షణకు అభ్యర్థులను కేటాయించే జాతీయ మ్యాచింగ్ వ్యవస్థ కూడా, ఇంటర్వ్యూ అనంతర ఉత్తరప్రత్యుత్తరాలను కోరవద్దని, తప్పనిసరి చేయవద్దని శిక్షణ విభాగాలకు తన ప్రవర్తనా నియమావళిలో స్పష్టం చేసింది. డాక్టర్ల విషయంలో అనుచితమని తేలినది, డాక్టర్లు కాబోయేవారి విషయంలో మర్యాద ఎలా అవుతుంది?

మర్యాద అన్న మాటను ఆ లేఖ తయారయ్యే తీరుతో పోల్చి చూడాలి. వీడియో ఇంటర్వ్యూ ముగియగానే అభ్యర్థి కళాశాల వెబ్‌సైటులో పరీక్షకుడి ఈమెయిలు వెతుకుతాడు. సంభాషణలో ఆయన యథాలాపంగా ప్రస్తావించిన మధుమేహ పరిశోధననో, ఆయన పనిచేసే ఉచిత వైద్యశిబిరాన్నో జ్ఞాపకం చేసుకుని రెండో వాక్యంలో ఇముడుస్తాడు. ఆ సంభాషణ వల్ల తన ఆసక్తి ఇనుమడించిందన్న వాక్యాన్ని ప్రతి కళాశాలకూ రాస్తాడు. పేరులో అక్షరం తప్పిందేమోనని పంపిన తరవాత కూడా పదేపదే సరిచూసుకుంటాడు. ఇక్కడ నిజంగా పనిచేస్తున్నది భయం. చెప్పవలసిన కృతజ్ఞత, ఇంటర్వ్యూ ముగింపులో ముఖం చూసి చెప్పినప్పుడే పూర్తయింది.

పోయేదేమీ లేదన్న వాదం అన్నిటికంటే ప్రమాదకరమైనది, ఎందుకంటే అది పోగొట్టుకునేవారిని లెక్కలోకే తీసుకోదు. ఇంట్లో మొదటిసారి కళాశాల మెట్లెక్కిన విద్యార్థికి, రాత్రి షిఫ్టు చేసుకుంటూ దరఖాస్తులు నింపుకునే విద్యార్థికి ఇటువంటి అలిఖిత నియమాలు చెప్పేవారుండరు. తెలుగువారు ఈ విషయంలో నిజాయితీగా ఆలోచించాలి. ఎంసెట్ ర్యాంకుల లోకంనుంచి వెళ్లిన తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ పద్ధతి కొత్తే అయినా, బంధువర్గంలో డాక్టర్లు, కన్సల్టెంట్లకు చెల్లించే స్తోమత ఉన్న తెలుగు కుటుంబాలు అక్కడ తక్కువేమీ కాదు. అటువంటి ఇళ్లలో ఈ ఆచారం పిల్లలకు అనుకూలంగానే పనిచేస్తుంది. అనుకూలంగా ఉన్నంత మాత్రాన అది న్యాయమైపోదు. కేవలం మార్కులతో మనిషిని తూచకూడదని పెట్టిన ఇంటర్వ్యూ, తెలిసినవారికి తెలియనివారిమీద పైచేయి ఇచ్చే సాధనం కారాదు.

ఇంటర్వ్యూ తరవాత అభ్యర్థి ఏమీ రాయకూడదని దీని అర్థం కాదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఇంటర్వ్యూ అయిన 24 గంటల్లో ప్రతి అభ్యర్థినుంచీ ఒక రచనను కోరే పద్ధతిని గతంలో పాటించింది. అది అందరికీ ఒకే నియమం కనుక అందులో దాపరికం ఉండేది కాదు. కొత్తగా వచ్చిన పరిశోధన పత్రమో, సెమిస్టరు మార్కులో ఉంటే కళాశాల అనుమతించిన మేరకు ప్రవేశ కార్యాలయానికి పంపడమూ సమంజసమే. కృతజ్ఞతకు అసలైన పాత్రులు కూడా ఉన్నారు: తీరిక చేసుకుని సిఫారసు లేఖలు రాసిన అధ్యాపకులు వారు. ఇంటర్వ్యూ చేసినవారి మాటలు నిజంగా మనసును తాకితే, ఫలితం వెలువడ్డాక, సీటు వచ్చినా రాకపోయినా, వారికి రాయవచ్చు.

బాధ్యత ప్రధానంగా కళాశాలలది. కృతజ్ఞతాలేఖలు పంపనవసరం లేదని, పంపినా అవి అభ్యర్థి ఫైలులో చేరవని ఇంటర్వ్యూ ఆహ్వానంలోనే రెండు వాక్యాలు రాస్తే చాలు. ఆ మాట రాయని కళాశాలల అభ్యర్థులకు, పంపకపోవడం తప్పు కాదని ధైర్యం చెప్పే పని సలహాదారులది.