వరదలో చేయి అందించేదెవరు?

2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబరు 1 తెల్లవారు జాము. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం కళింగపట్నం వద్ద తీరం దాటింది. హుజూర్‌నగర్, చిలుకూరు ప్రాంతాల్లో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు అటూ ఇటుగా వాన కురిసింది. కోదాడలో వరదలో కొట్టుకుపోయి ఇద్దరు మరణించారు. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. ఆ ఆయకట్టు ధాన్యమే మిర్యాలగూడ మిల్లులకు చేరేది. పొలం మునిగితే రైతుతో పాటు మిల్లులో మూటలు మోసే హమాలీ పొయ్యి కూడా ఆరుతుంది.

ఆ ఆదివారం జరిగిన రెండు సంఘటనలను మనం పక్కపక్కన పెట్టి చూడాలి.

ఖమ్మంలో మున్నేరుపై ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది పగలంతా చిక్కుకుపోయారు. హెలికాప్టర్ రాలేదు. హర్యానా నుంచి పొట్టకూటికి వచ్చిన జేసీబీ డ్రైవర్ సుభాన్ ఖాన్, పోతే తన ఒక్క ప్రాణమే కదా అని బండిని వరదలోకి నడిపి అందరినీ ఒడ్డుకు చేర్చాడు. ఆ పేరు విని మనమంతా గర్వపడ్డాం, సన్మానాలు చేశాం. మంచిదే.

సూర్యాపేట నుంచి ఖమ్మం వెళ్ళే దారిలో నాయకన్‌గూడెం వద్ద పాలేరు వరదలో మన సోదర కుటుంబం ఒకటి ఇంటిపైకెక్కి సాయం కోసం చేతులు ఊపింది. డ్రోన్‌తో లైఫ్ జాకెట్లు పంపారు. హెలికాప్టర్ అక్కడికీ రాలేదు. గోడ కూలింది. కొడుకు బతికాడు, తల్లిదండ్రులు దక్కలేదు. కాపాడలేకపోయామని మంత్రి పొంగులేటి శ్రీనివాసరెడ్డి కంటతడి పెట్టారు. ఆ కన్నీరు నిజమైనదే అనుకుందాం. కానీ ఆ కొడుక్కి కావలసింది పడవ.

పడవ ఎందుకు రాలేదు? విపత్తు దళం పదో బెటాలియన్ ఉండేది విజయవాడ దగ్గరి కొండపావులూరులో. అదే రోజు బుడమేరు విజయవాడనే ముంచింది. నందిగామ దగ్గర ఐతవరం వద్ద రహదారి తెగింది, ఇటు పాలేరు వద్దా తెగింది. అంటే కోదాడ మనిషికి మొదటి ఆరు గంటల్లో దిక్కు పక్కింటి మనిషే. 2024 డిసెంబరులో రాష్ట్రం సొంత విపత్తు దళాన్ని ప్రారంభించింది. సంతోషం. అయితే ఆ దళం వచ్చే దారిలోనూ ఇవే వాగులున్నాయి.

వరద తగ్గాక అన్నం పొట్లాలు, దుప్పట్లు పంచడంలో మనవాళ్ళు ఎన్నడూ వెనుకబడలేదు. (ఇచ్చే చేతికన్నా ఫొటో తీసే చేయి ముందుంటోందన్నది వేరే సంగతి.) వరద రాకముందు చేయవలసిన పని మాత్రం ఎవరికీ గుర్తుండదు. వాగు ఒడ్డు మొహల్లాల్లో మంచం దిగలేని వృద్ధులు, నిండు చూలాలు, పసిపిల్లలు ఏయే ఇళ్ళలో ఉన్నారో, ఏ మతం వారైనా సరే, ఆ జాబితా మస్జిద్ కమిటీ దగ్గర ఉండాలి. వాన పెరిగితే మైకులో ఆ రాత్రే హెచ్చరించాలి. నాలుగు పొడవాటి తాళ్ళు, పది లైఫ్ జాకెట్లు కొనడం ఒక జల్సా ఖర్చులో ఎన్నో వంతు? వాటిని వాడడం నేర్పమని మన కుర్రాళ్ళ తరఫున పెద్దలు అగ్నిమాపక కేంద్రానికి వెళ్ళి అడగాలి. వచ్చే వానాకాలం లోపే.