గోడ మీది తీగ ఎవరిది?

ఏ కాలేజీ చుట్టుపక్కలైనా పీజీ హాస్టళ్లు ఉండే సందులోకి వెళ్లి తల పైకెత్తి చూడండి. ఆకాశం కంటే ముందు కేబుళ్లే కనిపిస్తాయి. స్తంభం నుంచి ఒకటి మేడ పిట్టగోడ మీదకు, అక్కడి నుంచి పక్కింటి సన్‌షేడ్ మీదకు, అది జారి ఏసీ బాక్సును చుట్టుకుని కిటికీ సందులోంచి లోపలికి. వాటిలో పనిచేసేవెన్నో, ఎప్పుడో చచ్చిపోయినవెన్నో ఇంటి ఓనర్‌కీ తెలియదు, కేబుల్ వాళ్లకీ తెలియదు.

రూటర్ ఏ గదిలో పెడితే సిగ్నల్ బాగుంటుందని గంటసేపు వాదించుకుంటాం. ఆ రూటర్ దాకా తీగ గోడ మీద ఎలా వస్తోందో మాత్రం పట్టించుకోం. నేను అనేది ఒక్కటే: స్తంభం నుంచి ఇంటి లోపలికి వచ్చే ఆ చివరి కొన్ని మీటర్లు కూడా ఇంజినీరింగే. దానికి కూడా ఒక పద్ధతి, ఒక బాధ్యుడు ఉండాలి.

ముందే చెప్తున్నా, గాల్లో వేలాడే తీగలన్నీ తీసేయాలని నేను అనట్లేదు. మన ఊళ్లకు నెట్ ఇంత చవగ్గా, ఇంత త్వరగా వచ్చిందంటే ఆ స్తంభాల పుణ్యమే. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లకు చేరింది. తెలంగాణలో టీ-ఫైబర్ మరో దారి పట్టింది. మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్‌ కూడా వేసుకుంటూ వచ్చారు. రెండూ తెలివైన ఆలోచనలే. కానీ తీగ నేలలోంచి వచ్చినా, స్తంభం మీంచి వచ్చినా చివరికి మన గోడ ఎక్కాల్సిందే. అసలు గందరగోళం మొదలయ్యేది అక్కడే.

ఆ గందరగోళం ఖరీదు ఏమిటో 2025 ఆగస్టులో హైదరాబాద్ మొత్తం చూసింది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి 5 మంది చనిపోయారు. ఆ తర్వాత స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించడం మొదలుపెట్టారు. చాలా కాలనీల్లో నెట్ పోయింది, గొడవ హైకోర్టు దాకా వెళ్లింది. ఒకవైపు ప్రాణాలు, ఇంకోవైపు ఆన్‌లైన్ క్లాసులు, ఉద్యోగాలు. రెండూ నిజమైన అవసరాలే. కానీ ఏ తీగ ఎవరిదో రాసి లేనప్పుడు, కత్తెర పట్టుకున్నవాడికి పనికొచ్చేదీ పనికిరానిదీ ఒకేలా కనిపిస్తాయి.

"ఫైబర్‌లో కరెంటు ఉండదు కదా, వెలుతురే కదా, ఏం ప్రమాదం?" అని మన బ్రాంచి వాళ్లే అడుగుతారు. గాజు పోగు వరకు నిజమే. కానీ గాల్లో వేలాడే చాలా కేబుళ్లలో బరువు మోయడానికి ఆ పోగు పక్కనే ఉక్కు తీగ ఉంటుంది. అది తెగి కరెంటు లైన్ మీద పడితే, రెండో కొస మన గ్రిల్‌కు కట్టి ఉంటే, ఆ గ్రిల్ పట్టుకున్నవాళ్ల గతి ఏమిటి? అందుకే ఫైబర్ కేబుల్ కరెంటు సర్వీసు వైరుకు దూరంగా, దానికి కింద రావాలి. రెండింటినీ కలిపి ఒకే కొక్కేనికి కట్టడమంత తెలివితక్కువ పని లేదు.

ఇక వంపుల సంగతి. ఇంటర్ ఫిజిక్స్‌లో టోటల్ ఇంటర్నల్ రిఫ్లెక్షన్ బట్టీ పట్టాం కదా, అదే ఇక్కడ పనిచేసేది. పోగు ఎక్కువ వంగితే వెలుతురు లోపల తిరగకుండా బయటికి కారిపోతుంది. మామూలు జి.652 రకం పోగును 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే తక్కువకు వంచకూడదు. ఇళ్ల కోసమే వచ్చిన జి.657.ఎ1కి 10, ఎ2కి 7.5 మిల్లీమీటర్లు. కేబుల్‌గా తొడుగుతో కలిపి చూస్తే ఇంకా ఎక్కువ వదలాలి. పిట్టగోడ అంచు మీద మడిచి, పైన ఇటుక పెట్టేస్తే ఈ లెక్కలేవీ నిలవవు. తర్వాత బాక్సులో ఎర్ర లైటు వెలుగుతుంది, మనం కస్టమర్ కేర్‌ను తిట్టుకుంటాం.

సరిగ్గా వేయడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. స్తంభం నుంచి వచ్చిన తీగ బరువును గోడకు బిగించిన క్లాంపు మోయాలి, కిటికీ గ్రిల్ కాదు. అక్కడి నుంచి గోడ మూల వెంబడి నిటారుగా, పీవీసీ పైపులో దించాలి. లోపలికి వెళ్లేచోట తీగను ముందు కాస్త కిందికి జార్చి మళ్లీ పైకి తేవాలి. వాన నీళ్లు ఆ కింది వంపు దగ్గరే కారిపోతాయి. గోడకు వేసే రంధ్రం బయటివైపుకు కొంచెం వాలుగా ఉండాలి. మిగిలిన తీగను పెద్ద చుట్టగా చుట్టి ఒకచోట కట్టాలి. ఇంతే.

మరి ఎందుకు జరగదు? కనెక్షన్ ఇవ్వడానికి వచ్చే అన్నను తిట్టడం తేలిక. ఆయన వయసు చాలాసార్లు మనకంటే రెండు మూడేళ్లే ఎక్కువ. బెల్టు లేకుండా నిచ్చెన ఎక్కుతాడు, తర్వాతి ఇంటివాళ్లు అప్పటికే ఫోన్ చేస్తుంటారు. పైపు, క్లాంపులు కంపెనీ ఇవ్వకపోతే సొంత డబ్బుతో కొంటాడా? ఓనర్ అంకులేమో "కొత్తగా రంగులేయించాం బాబూ, గోడకు డ్రిల్ కొట్టొద్దు" అంటారు. ఇంకేముంది, గ్రిల్‌కు కట్టేసి వెళ్లిపోతాడు. తప్పు ఒక్కరిది కాదు కాబట్టి సరిచేసే బాధ్యత ఎవరి మీదా పడట్లేదు.

కాబట్టి మూడు పనులు జరగాలి. ఒకటి, ప్రతి కేబుల్‌కు స్తంభం దగ్గర, గోడ దగ్గర కంపెనీ పేరుతో ట్యాగ్ ఉండాలి. రెండు, కనెక్షన్ మానేసినప్పుడు తీగను తీసేయాల్సింది దాన్ని వేసిన కంపెనీయే, ఆ ఖర్చు మొదటి రోజు బిల్లులోనే కలపాలి. మూడు, కొత్త బిల్డింగులకు ప్లాన్‌లోనే కేబుల్ దారి చూపించాలి. కేంద్రం 2022లో మోడల్ బిల్డింగ్ బైలాస్‌లో ఈ మాట చేర్చింది. కానీ అవి నమూనా నిబంధనలు మాత్రమే. ఇంటికి నీళ్ల పైపు, డ్రైనేజీ పైపు ప్లాన్‌లో లేకపోతే మనం ఊరుకోం. నెట్‌కు మాత్రం కిటికీ సందు చాలా?

చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పనీ లేదు. ఈసారి గదికి కనెక్షన్ పెట్టించేటప్పుడు ఓనర్‌తో ముందే మాట్లాడి ఒక్క పైపు వేయించండి, నలుగురు రూమ్మేట్లకు తలా కొంత పడుతుంది. తీగ బిగించే అన్నతో "అన్నా, ఆ పాత వైరు కూడా తీసెయ్యవా" అని అడగండి. మీరు మాత్రం కరెంటు స్తంభం జోలికి వెళ్లొద్దు, ఒక్క తీగ కూడా లాగొద్దు. నాలుగేళ్లలో మనలో కొందరం ఇవే నెట్‌వర్కులు డిజైన్ చేసే కంపెనీల్లో చేరతాం. స్క్రీన్ మీద గీసే ఆ డయాగ్రంలో చివరి గీత, నిజంగా ఎవరో ఒకరి గోడ మీద, ఎవరో ఒకరి తల మీద వేలాడుతుందని అప్పుడు గుర్తుంటే చాలు.