జపాను బడిలో కొత్త ఉస్తాద్

కడప జిల్లా నుండి కువైటుకు పోయేవానికి ఏమి చెప్పి పంపవలెనో మన వీథులలో ఇంటింటా తెలుసు. జపాను బడిలో పాఠం చెప్పడానికి పోయేవానికి చెప్పదగిన మాట మాత్రం మన వద్ద ఇంకా లేదు. ఆంగ్ల బోధనకు పరదేశీయులను సహాయోపాధ్యాయులుగా పిలిచే పథకం అక్కడ 1987 నుండి నడుస్తున్నది. అట్లు వెళ్లినవారిలో మన దేశపు పట్టభద్రులూ ఉన్నారు. రేపు మన విద్యార్థులలో ఒకరు వెళ్లరని ఎవరనగలరు?

ఈ దారి పాతదే. భోపాలుకు చెందిన మౌల్వీ బర్కతుల్లా 1909లో టోక్యో విదేశీ భాషల పాఠశాలలో హిందూస్తానీ బోధించడానికి వెళ్లారు. మన మదనపల్లె కళాశాలలో పనిచేసిన ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ 1919లో టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో ఆంగ్ల కవిత్వం చెప్పారు. అదే ఏట ఠాగూరు మదనపల్లెలో జనగణమనను ఆంగ్లీకరించిన సంగతి మనవారందరూ చెప్పుకుంటారు. కజిన్సు జపాను ప్రయాణాన్ని తలచేవారు అరుదు. హైదరాబాదు రాజ్య విద్యాశాఖాధిపతి రాస్ మసూద్ 1922లో వెళ్లి, అచ్చటి విద్యావిధానంపై ఒక గ్రంథమే రచించారు.

పరదేశంలో మనిషికి కలిగే ఈ దిగ్భ్రమకు కల్చర్ షాక్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన మానవశాస్త్రజ్ఞుడు కలెర్వో ఓబెర్గ్. నిత్యజీవితంలో మనకు దారి చూపే చిన్న చిన్న గుర్తులన్నీ ఒక్కమారుగా కనుమరుగవడమే దీనికి మూలమని ఆయన 1960లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. తిండి, చలి, లిపి అన్నవి పైపై కష్టాలని మా అభిప్రాయం. పంది మాంసం తిననివాడు ఏ పూట ఏమి వండారో అడగక తప్పదు. అది కొన్నాళ్లకు అలవాటవుతుంది. అసలు దెబ్బ తగిలేది ఉపాధ్యాయుడంటే ఎవరన్న మన నమ్మకానికి.

మన తరగతిలో "అర్థమైందా?" అంటే "అయింది సార్!" అని కప్పు ఎగిరిపోయేటట్లు జవాబు వస్తుంది. అక్కడ ప్రశ్న వేస్తే తరచు మౌనమే సమాధానం. కొత్తవాడు పిల్లలకు ఏమీ రాదనుకుంటాడు. పదిమందిలో తప్పు చెప్పరాదన్న బిడియం దాని వెనుక ఉండవచ్చు. మాటకు వస్తే, మన పిల్లల సామూహిక ఘోషలో మాత్రం ఎంత అర్థమున్నది? అదీ ఒక విధమైన మౌనమే.

ఇక చీపురు. అక్కడి బడులలో రోజూ కొంతసేపు పిల్లలు జట్లుగా వంతులు వేసుకొని తరగతులు, నడవాలు, చాలాచోట్ల మరుగుదొడ్లు కూడా శుభ్రం చేస్తారు. ఉపాధ్యాయులూ చేయి కలుపుతారు. మన పట్టభద్రుడు అక్కడ నిలబడి ఏమి చేయవలె? ఎం.ఏ. చదివింది ఇందుకా అని మనసు మూలుగుతుంది. ఆ మూలుగు ఎక్కడిదో అతడు ఆలోచించక మానడు.

ఈ ఆచారాన్ని పొగిడి, మన పిల్లలచేత కూడా ఊడ్పించాలని ఉపన్యసించేవారితో మేము ఏకీభవించలేము. మన దేశంలో ఎన్నో బడులలో చీపురును దళిత బాలబాలికల చేతికే ఇచ్చిన మాట రహస్యం కాదు. అట్టి చోట జపానును అనుకరిస్తే పాత అన్యాయానికి కొత్త పేరు పెట్టినట్లే. అక్కడి గొప్పతనం చీపురులో లేదు, వంతులో ఉన్నది. వంతు తప్పించుకునే పిల్లవాడు ఉండడు, ఫలానావాని పని అన్న మాట ఉండదు.

కాబట్టి పాలకవర్గంవారికి మా మనవి ఒక్కటే. మన కళాశాలలో శుభ్రతా దినాలు పెట్టదలిస్తే, వంతుల పట్టికలో మొదటి వారం అధ్యాపకుల పేర్లు రాయండి. మా పేరును పై వరుసలోనే ఉంచండి.