మూడో రోజు లేని ప్యాకేజీ

ఈక్వడార్ రాజధాని క్విటో నుంచి కోటోపాక్సీ అగ్నిపర్వతానికి రెండు రోజుల ప్యాకేజీలు దొరుకుతాయి. గైడు, సైకిలు, గుడారం, భోజనం అన్నీ వాళ్లవే. 4,600 మీటర్ల ఎత్తున్న పార్కింగు దాకా వ్యానులో తీసుకెళ్తారు. అక్కడి నుంచి బూడిదలో, గులకరాళ్లలో 4,864 మీటర్ల దగ్గరున్న బస దాకా నడక. కిందికొచ్చాక సైకిళ్ల మీద లింపియోపుంగో సరస్సు వైపు దిగడం, రాత్రికి గుడారం. చూడముచ్చటైన ఏర్పాటే. అయితే ఇలాంటి చోటికి వెళ్లేవాళ్లు గైడు ఎవరు, సైకిలు ఎలాంటిది అని ఆరా తీస్తారే గానీ, ఖాళీ రోజు ఒకటుందా అని అడగరు. నా దృష్టిలో ముందు అడగాల్సింది అదే.

క్విటో 2,850 మీటర్ల ఎత్తులో ఉంది. విమానం దిగిన మర్నాడే ఇంకో రెండు వేల మీటర్లు పైకి వెళ్తే, అక్కడ ఒంటికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. ఈ అవస్థ కొత్తవాళ్లకే అనుకోవద్దు. ఆల్ప్స్‌లో మాటర్‌హార్న్‌ను మొదట ఎక్కిన ఎడ్వర్డ్ వింపర్‌కు 1879 చివర్లో ఈక్వడార్‌లోనే ఉన్న చింబొరాజో కొండ మీద తలనొప్పితో, జ్వరంతో మంచం పట్టినంత పనైంది. అతను కొన్ని రోజులు ఆగి ఆ కొండ ఎక్కాడు, 1880 ఫిబ్రవరిలో కోటోపాక్సీ అంచునే గుడారం వేసి రాత్రి గడిపాడు. నేల వేడికి గుడారంలో పరిచిన రబ్బరు గుడ్డ వాసన కొట్టిందట. అతను నెలల తరబడి ఆ దేశంలోనే ఉన్నాడు గనక ఆగగలిగాడు. రెండు రోజుల వాడికి ఆ వీలు లేదు. తల దిమ్మెక్కినా గైడుకు చెప్పడు, మాత్ర మింగి సైకిలెక్కుతాడు. దిగడమే కదా, తొక్కే పనేముంది అంటారు. అలలు అలలుగా లేచిన మట్టిరోడ్డు, చలికి కొయ్యబారిన వేళ్లు, బ్రేకు మీద చిక్కని పట్టు. మనసు చురుగ్గా ఉండాల్సింది సరిగ్గా అక్కడే.

ఇక అగ్నిపర్వతం సంగతి. పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో మనం పగలగొట్టే నల్లరాయి కూడా ఒకప్పటి లావాయే. అది చల్లారి ఆరు కోట్ల ఏళ్లు దాటింది గనక మనకు లావా అంటే కంకర. కోటోపాక్సీ అలా కాదు. 1877 జూన్‌లో అది పేలినప్పుడు మంచు కరిగి, బూడిదతో కలిసి బురద వరదై లటకుంగా పట్టణాన్ని ముంచేసింది. మరో వైపు లోయల వెంట పసిఫిక్ సముద్రం దాకా పోయింది. అందుకే అక్కడ గుడారం వాగు ఒడ్డున వేయకూడదు, నీళ్లు ఎంత దగ్గరైనా సరే. 2015 ఆగస్టులో మళ్లీ బూడిద చిమ్మితే శిఖరాన్ని 2017 దాకా మూసేశారు. 2022లో మరోసారి లేచింది.

గైడు ఉన్నాడు, శాస్త్రవేత్తల హెచ్చరికలున్నాయి, ఇంకేం భయం అని అడగొచ్చు. న్యూజిలాండ్‌లోని వకారీ అగ్నిపర్వత దీవిలోనూ గైడులుండేవారు. హెచ్చరిక స్థాయిని 2019 నవంబరులోనే పెంచారు. అయినా యాత్రలు ఆగలేదు. డిసెంబరు 9న అది పేలినప్పుడు దీవి మీద 47 మంది ఉన్నారు, 22 మంది చనిపోయారు, వాళ్లలో గైడులూ ఉన్నారు. ఎక్కువమంది విహార ఓడ దిగి ఒక పూట చూసిపోదామని వచ్చినవాళ్లు. ఓడ వేళలే కారణమని నేననను. గైడు పక్కనుంటే చాలదని మాత్రం అంటాను. ‘ఈరోజు వద్దు’ అనడానికి అతనికి ఇంకో రోజు చేతిలో ఉండాలి. లేకపోతే ఆ మాట అతని నోటి దాకా వచ్చి ఆగిపోతుంది, ఎందుకంటే వద్దంటే యాత్ర మొత్తం పోయినట్టే, డబ్బు వెనక్కివ్వమని తగవు మొదలైనట్టే.

సెలవు లేదు, రోజు పెరిగితే ఖర్చు పెరుగుతుంది అనే అభ్యంతరం మాత్రం కొట్టిపారేసేది కాదు. అలాంటప్పుడు ఎత్తు తగ్గించుకోవాలి. లింపియోపుంగో చుట్టూ నడక, అక్కడే చదును దారుల్లో సైకిలు పెట్టుకుంటే కొండ నిండుగా కనిపిస్తూనే ఉంటుంది. అంత దూరం పోయి బస దాకా ఎక్కకపోతే ఎలా అనేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు, వాళ్లు మూడో రోజుకు డబ్బు కట్టుకోవడం తప్ప. కాబట్టి అడ్వాన్సు కట్టేముందు నిర్వాహకుణ్ణి అడగండి: ముందురోజు రాత్రి కొండ మూసేస్తే మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తారు, మాలో ఒకరికి తలనొప్పి వస్తే వాళ్లతోపాటు కిందికి దిగేది ఎవరు?