ఆ నాలుగు రోజుల్ని పాఠం చేయండి

డాక్టర్ మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి,



2004 అక్టోబర్ 15 నుంచి 18 వరకు జూబ్లీహిల్స్‌లోని మీ ప్రాంగణంలో ప్రభుత్వం, నక్సలైట్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకవైపు అప్పటి హోంమంత్రి కె. జానారెడ్డి గారి బృందం, మరోవైపు నల్లమల నుంచి వచ్చిన మావోయిస్టు నేత రామకృష్ణ, మరో నక్సలైట్ వర్గమైన జనశక్తి తరఫున అమర్ తదితరులు. మధ్యవర్తుల్లో ఎస్.ఆర్. శంకరన్, కె.జి. కన్నబిరాన్, పొత్తూరి వెంకటేశ్వరరావు, హరగోపాల్ గార్లు. ఆ వారంలోనే దసరా. నల్లమల అంచున ఉన్న మా ఊళ్లో ఆ పండక్కి జనం పొద్దుపోయేదాకా అరుగుల మీద కబుర్లు చెప్పుకున్నారు. అంతకు ముందు చాలా ఏళ్లుగా దీపాలు పెట్టగానే తలుపులు మూసుకున్న ఊరు మాది.

కొత్త అధికారులకు శిక్షణనిచ్చే మీరు ఆ నాలుగు రోజుల్ని వాళ్లకు ప్రత్యేక పాఠంగా చెప్పాలని నా విన్నపం.

శంకరన్ గారు మీవాళ్లే, ఐఏఎస్ అధికారి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఆయన్ను, మరికొందరు అధికారుల్ని పట్టుకెళ్లారు. అంతటి అనుభవం చూసిన మనిషి 1997లో పౌర స్పందన వేదికకు పెద్దదిక్కయ్యారు. ఎన్‌కౌంటర్లు ఆపమని ప్రభుత్వానికి, ఇన్‌ఫార్మర్లన్న పేరుతో మనుషుల్ని చంపొద్దని నక్సలైట్లకు ఒకే గొంతుతో చెప్పారు. వేదిక సభ్యులు ఊరూరా తిరిగారు. పోలీసు తూటాకు బిడ్డ పోయిన తల్లి మాటా విన్నారు, అన్నల చేతిలో భర్త పోయిన ఇల్లాలి మాటా విన్నారు. అలా ఏడేళ్లు తిరిగాక గానీ మీ హాల్లో కుర్చీలు వేసే రోజు రాలేదు. ఈ ఏడేళ్ల సంగతి మీ పాఠంలో అన్నిటికన్నా ముందుండాలి.

చర్చలు ఎలా తెగిపోయాయో కూడా దాచకుండా చెప్పండి. ఆయుధాలతో ఊళ్లలోకి రావొద్దని ప్రభుత్వం అంది. ఆయుధం వదిలేది లేదని వాళ్లన్నారు. ఆ ముడి వీడలేదు. 2005 జనవరికల్లా ఎదురుకాల్పులు మళ్లీ మొదలయ్యాయి, నక్సలైట్లు చర్చల నుంచి తప్పుకున్నారు. ఆగస్టు 15న ఎమ్మెల్యే సి. నర్సిరెడ్డి గారి హత్య, రెండు రోజులకే మావోయిస్టుల మీద నిషేధం. మా అరుగులు మళ్లీ ఖాళీ అయ్యాయి. కాల్పుల విరమణను ఎవరు ఉల్లంఘించారో తేల్చడానికి రెండు వైపులా తలొగ్గే తీర్పరి ఒకరుండాలని నేను ఆనాటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. మీ విద్యార్థులు దీని మీద గట్టిగా వాదించుకోవాలి.

అయినా అంతా వృథా పోలేదు. చర్చల్లో గట్టిగా వినిపించిన భూమి సమస్య మీద కోనేరు రంగారావు కమిటీ ఏర్పడింది, 104 సిఫార్సులు చేసింది. 2011లో మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణను మావోయిస్టులు పట్టుకుపోయినప్పుడు మధ్యవర్తిగా వెళ్లింది హరగోపాల్ గారే. మరుసటి ఏడాది సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మీనన్ కోసం బి.డి. శర్మ గారితో కలిసి ఆయన మళ్లీ వెళ్లారు. ఇద్దరు కలెక్టర్లూ క్షేమంగా ఇళ్లకు చేరారు. మీ తరగతిలో కూర్చునే వాళ్లలో ఎవరికి ఎప్పుడు అలాంటి రాత్రి ఎదురవుతుందో ఎవరు చెప్పగలరు!

శంకరన్, కన్నబిరాన్ గార్లు 2010లో వెళ్లిపోయారు. 2020లో పొత్తూరి గారు, 2021లో రామకృష్ణ పోయారు. జానారెడ్డి గారిని, హరగోపాల్ గారిని పిలిచి రెండు రోజులు మాట్లాడించండి. ప్రతి మాటా తెలుగులో రికార్డు చేయించండి. ముందు వరసలో శిక్షణలో ఉన్న పిల్లల్నే కూర్చోబెట్టండి. ప్రశ్నలు కూడా వాళ్లనే అడగనివ్వండి.

ఇట్లు,
నల్లమల అంచు ఊళ్లలో పాఠాలు చెప్పిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు