ఆ లెక్కలో ఇల్లెక్కడ?

మత్తుపదార్థాలను నిషేధించడం దండగ, చట్టబద్ధం చేసి పన్ను వెయ్యడమే మేలు అనే వాదన ఈ మధ్య మన సెమినార్లలో తరచుగా వినబడుతోంది. వాదిస్తున్నవాళ్లు వ్యాపారులు కారు. పౌరహక్కుల పట్ల పట్టింపు వున్నవాళ్లు, నాకు మిత్రులు కూడా. అందుకే ఈ వాదనని నీతి పేరుతో కొట్టిపారెయ్యకుండా దాని సొంత భాషలోనే, అంటే లెక్కల భాషలోనే పరిశీలించాలనుకుంటున్నాను.

వాదన ఇదీ. నిషేధిస్తే తాగేవాళ్లు మానరు, సరుకు ధర పెరుగుతుంది. ఆ పెరిగిన ధర దొంగరవాణా చేసేవాడి జేబులోకి పోతుంది. వాణ్ణి పట్టుకోవడానికి పోలీసులు, విచారించడానికి కోర్టులు, వుంచడానికి జైళ్లు, అన్నిటికీ ప్రజల డబ్బే. అదే చట్టబద్ధం చేస్తే ఆ ఖర్చు తగ్గుతుంది, పన్ను వస్తుంది, సరుకు నాణ్యతని తనిఖీ చెయ్యొచ్చు. మిల్టన్ ఫ్రీడ్‌మన్, గారీ బెకర్ లాంటి నోబెల్ బహుమతి పొందిన అమెరికన్ ఆర్థికవేత్తలు ఈ మాట ఎప్పుడో చెప్పారు. ఉరుగ్వే 2013లో, కెనడా 2018లో గంజాయిని చట్టబద్ధం చేశాయి. మన దగ్గర చూస్తే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఇన్నేళ్లుగా అమల్లో వున్నా, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టాల్సి వచ్చింది.

ఈ వాదనలో నిజం లేదని నేననను. ఆ నిజం ఏమిటో మా పడమటి ప్రకాశం వాళ్లకి బాగా తెలుసు. 2020 మే నెలలో ప్రభుత్వం మందు ధరల్ని ఒక్కసారిగా 75 శాతం పెంచింది. ఆ జూలై చివర్లో, కరోనా కట్టడి వల్ల దుకాణాలు మూతపడిన కురిచేడులో పదిమందికి పైగా శానిటైజర్ తాగి చనిపోయారు. వాళ్లలో బిచ్చమెత్తుకుని బతికేవాళ్లు కూడా వున్నారు. దుకాణం మూసినంత మాత్రాన దాహం మూసుకుపోదని చెప్పడానికి వేరే దేశం వుదాహరణ అక్కర్లేదు.

అయితే నా మిత్రులు ఒక విషయం మర్చిపోతున్నారు. చట్టబద్ధం చేస్తే ఏమవుతుందో వూహించాల్సిన పని మనకి లేదు. మందు కూడా మత్తుపదార్థమే. రాజ్యాంగం 47వ అధికరణం మత్తుపానీయాల్నీ, ఆరోగ్యానికి హానిచేసే మత్తుమందుల్నీ ఒకే వాక్యంలో పెట్టి, రెండిటినీ నిషేధించడానికి ప్రయత్నించమని రాజ్యానికి చెప్పింది. అందులో ఒకదాన్ని మన ప్రభుత్వాలు చట్టబద్ధం చేశాయి, పన్ను వేశాయి, తామే టోకున కొన్నాయి, కొన్నాళ్లు చిల్లరగా కూడా అమ్మాయి. ఆర్థికవేత్తలు కోరిన ప్రయోగం మన వూళ్లలో ఎప్పటినించో నడుస్తోంది. దాని ఫలితాల్ని చూడకుండా గంజాయి గురించి మాట్లాడ్డం ఎందుకు?

ఆ ప్రయోగం చరిత్ర చూడండి. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. పోయిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చింది. తర్వాత మందు తిరిగొచ్చింది గానీ అమ్మకం పన్ను పోలేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం కూలిపోయింది మద్యనిషేధం సమస్య మీదే, ఒక్క ఓటు తేడాతో. అప్పుడు రాజధాని కర్నూలు, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు ఆ జిల్లాలోవే. 1970లో మమ్మల్ని ఒంగోలు జిల్లాలో కలిపారు, 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరే పెట్టారు. గీతకార్మికుల బతుకుతెరువు, నిషేధం కేసుల్లో పేదలు పడ్డ ఇబ్బందులు ఆనాటి చర్చలో ముఖ్యమైన విషయాలు. న్యాయమైన విషయాలే. ఇళ్లలో ఆడవాళ్లు ఏమనుకుంటున్నారని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

సారా మీద ప్రభుత్వ ఆదాయం 1970-71లో 39 కోట్లు వుంటే 1991-92 నాటికి 812 కోట్లయింది. ఈ రెండు అంకెల మధ్య 'వారుణి వాహిని' వుంది. ప్రభుత్వమే సారాని పొట్లాలు కట్టించి వూరూరికీ చేరవేసిన పథకం అది. సాహిత్య విద్యార్థిగా ఆ పేరు దగ్గర నేను ఆగిపోతాను. పాలసముద్రం చిలికినప్పుడు పుట్టిన సురాదేవత పేరు తెచ్చి ప్లాస్టిక్ సంచికి తగిలించారు. మంచినీళ్లు లేని వూరికి సారా 'వాహిని' అయి వచ్చింది. పథకాలకి పేర్లు పెట్టే పండితులు మనకి ఎప్పుడూ వుంటారు.

ఆ వాహినికి అడ్డంపడింది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ తమ బతుకుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టినవాళ్లు. ఆ వుద్యమం మా జిల్లాకీ, రాష్ట్రమంతటికీ పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఖజానా ఖాళీ అయిందని నిషేధాన్ని ఎత్తేశారు. రెండేళ్ల నిషేధంలో ఖజానాకి ఎంత నష్టమొచ్చిందో లెక్కకట్టారు. ఇళ్లలో ఎంత మిగిలిందో, ఎన్ని రాత్రులు దెబ్బలు తప్పాయో ఏ శాఖా లెక్కకట్టలేదు. మొదటి లెక్క ఒక్కటే చూసి నిర్ణయం తీసుకున్నారు.

ఇదే నా అభ్యంతరం. చట్టబద్ధతకి మద్దతుగా చెప్పే ఆర్థికవాదం ఇంటి గడప దగ్గర ఆగిపోతుంది. ఆస్పత్రి ఖర్చునీ, మగవాడు పనికి పోని దినాల్నీ 'సామాజిక వ్యయం' కింద కొందరు ఆర్థికవేత్తలు కలుపుతారు, నిజమే. ఆ మగవాడు పనికి పోని రోజు రెండు కూళ్ల పని చేసిన ఆడమనిషి, అతని వాంతులు ఎత్తిపోసిన ఆడమనిషి, బడి మానేసి తమ్ముణ్ణి చూసుకున్న ఆడపిల్ల ఏ పట్టికలోకీ రారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం భర్త తరచుగా తాగి మత్తులో వుండే ఇళ్లలో 70 శాతం మంది స్త్రీలు అతని చేతిలో శారీరక హింసో లైంగిక హింసో అనుభవించారు. భర్త తాగని ఇళ్లలో 23 శాతం. అక్కడా హింస వుంది, కాబట్టి హింసకి మూలం సీసాలో వుందని నేననడం లేదు, మూలం పితృస్వామ్యంలో వుంది. కానీ ఆ 23కీ 70కీ మధ్య వున్న తేడాని ఏ పన్ను రాబడిలోంచి తీసివేశారు?

ఇంకో లెక్క చూద్దాం. 2021లో రాష్ట్ర ప్రభుత్వం చట్టాన్ని సవరించి అమ్మఒడి, చేయూత, ఆసరా పథకాల అమలు బాధ్యతని మందు అమ్మే బెవరేజెస్ కార్పొరేషన్‌కి అప్పగించింది. మూడూ ఆడవాళ్ల పేరుమీద నడిచిన పథకాలే. అమ్మఒడి కింద ఏడాదికి ప్రకటించింది 15,000 రూపాయలు, చేయూత కింద 18,750. రెండూ ఒకే ఇంటికి వచ్చాయనుకుందాం, 33,750. ఆ ఇంటి మగవాడు రోజుకి ఒక్క క్వార్టర్ తాగుతాడనుకుందాం. ఆనాటి ధరలు వదిలేసి, 2024 అక్టోబరులో వచ్చిన 99 రూపాయల చౌకరకంతో లెక్కేసినా ఏడాదికి 36,135. ఆమె చేతికిచ్చినదంతా పోగా ఇంకా 2,385 రూపాయలు ఆ ఇంటినించే వెళ్లాయి. దీన్ని మహిళాసాధికారత అన్నారు.

2022 జూన్‌లో అదే కార్పొరేషన్ బాండ్లు అమ్మి 8 వేల కోట్లకు పైగా అప్పు తెచ్చింది. రేపటి తాగుడుని తాకట్టుపెట్టి ఇవాళ తెచ్చిన అప్పు. దశలవారీ మద్యనిషేధం మాటిచ్చిన ప్రభుత్వమే ఆ పని చేసింది. 2024లో ప్రభుత్వం మారింది, విధానం మారింది. 3,396 దుకాణాలకి లాటరీ పెడితే దాదాపు 90 వేల దరఖాస్తులొచ్చాయి. దరఖాస్తుకి తిరిగివ్వని రుసుము 2 లక్షలు, ఒక్క సీసా అమ్మకుండానే దాదాపు 1,800 కోట్లు వచ్చాయి. 2 లక్షలు పోతే పోయాయని అంతమంది వేశారంటే, దుకాణం దక్కితే అంతకి ఎన్నింతలు వస్తుందని లెక్కేసుకుని వుంటారు? ఆ వచ్చేదంతా ఎవరి ఇళ్లనించి? జనం తాగుడు తగ్గిస్తే బడ్జెట్ తలకిందులయ్యే స్థితికి చేరిన రాజ్యాన్ని తాగుడు తగ్గించమని అడగడం ఎలా? మిత్రులు కోరే చట్టబద్ధత వ్యసనపరుణ్ణి నేరస్థుడి ముద్రనించి తప్పిస్తుంది, సరే. రాజ్యాన్ని వ్యసనపరుణ్ణి చేస్తే దానికి చికిత్స ఎక్కడ?

అలాగని నిషేధం ఆడవాళ్ల పక్షం అనుకోవడానికీ లేదు. గిద్దలూరు దాటి నల్లమల అంచున వున్న ఒక వూళ్లో నాటుసారా కేసులో ఇరుక్కున్న ఒకామెతో మాట్లాడాను. భర్త తాగి తాగి పోయాడు. ఆమె బెల్లం ఊట వేసి సారా కాచి అమ్మింది, పట్టుకున్నారు, తహశీల్దారు దగ్గర బైండోవర్ చేశారు. "వాడు తాగిన అప్పు తీర్చేదానికి నేను కాసినానమ్మా. కాసినందుకు నన్ను పట్టకపోయినారు. వాడికి అంతకాలం అమ్మినోళ్లకి లైసెన్సు వుండె" అంది. నిషేధం నడిచినా దుకాణం నడిచినా పోలీసు జీపు ఆగేది ఇలాంటి గుడిసె ముందే. కుండలు పగలగొట్టిన ఫొటో పేపర్లో వస్తుంది. ఆమె అప్పు గురించి రాదు.

చట్టబద్ధం చేస్తే పండించే పేదలకి లాభం వస్తుందనే మాట కూడా వుంది. మన్యంలో గంజాయి పండించే ఆదివాసీల గురించి ఇలా అంటారు. వాళ్లు మా వైపు వచ్చి పొగాకుని చూడాలి. పొగాకు పూర్తిగా చట్టబద్ధం. 1976 నించీ దానికి ఒక బోర్డు వుంది, పొదిలిలో, కనిగిరిలో వేలంకేంద్రాలున్నాయి. అయినా 2015లో ధర పడిపోయి మా జిల్లాలో పొగాకు రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 2025లో మళ్లీ గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కారు. ఆకు కొట్టి, ఆకు గుచ్చి చేతులకి జిగురంటించుకునే కూలి ఆడవాళ్ల పేరు ఏ వేలంలోనూ వినపడదు. వ్యాపారం చట్టబద్ధమైతే లాభం ఎవరిదో చట్టం చెప్పదు, బజారు చెబుతుంది.

మరి ఏం చెయ్యాలి? నేరాన్నీ వ్యాపారాన్నీ విడదీసి చూడాలి. పోర్చుగల్ 2001లో చేసింది అదే. సొంత వాడకానికి కొద్దిపాటి మత్తుమందు దగ్గర పెట్టుకోవడాన్ని నేరాల జాబితానించి తీసేసింది, అమ్మకాన్ని మాత్రం వ్యాపారంగా గుర్తించలేదు. వాడేవాణ్ణీ, పొట్టకోసం మూట మోసే ఆదివాసీనీ, సారా కాచే వితంతువునీ జైల్లో పెట్టొద్దు. దీని మీద మిత్రులతో నాకు పేచీ లేదు. కానీ ప్రభుత్వానికి ఇంకో రాబడి మార్గం తెరవడానికి నేను చెయ్యెత్తను.

ముందు ఇప్పటికే చట్టబద్ధమైన మందు సంగతి తేల్చండి. దాని రాబడిని తాకట్టుపెట్టి అప్పు తేవడాన్ని చట్టంతో ఆపండి. ఆ డబ్బులోంచి మొదటి వాటా వ్యసనవిముక్తి కేంద్రాలకీ, హింసనించి బయటపడ్డ స్త్రీల వసతిగృహాలకీ కేటాయించండి, అవి ఒంగోలులోనో గుంటూరులోనో కాకుండా మార్కాపురంలో, గిద్దలూరులో వుండాలి. వూళ్లో దుకాణం వుండాలా వద్దా అనేది ఆ వూరి ఆడవాళ్ల గ్రామసభ తేల్చాలి, వాళ్లు కాదంటే లాటరీ చెల్లకూడదు. ఏటా బడ్జెట్‌తో పాటు ఎక్సైజు రాబడి పక్కనే ఇళ్లు పెట్టిన ఖర్చుని కూడా అచ్చువెయ్యండి. అది ఎలా లెక్కకట్టాలో ఆర్థికవేత్తలకి తెలియకపోతే ఏ డ్వాక్రా గ్రూపు పుస్తకం తెరిచినా కనబడుతుంది, ఎవరు ఏ నెల కంతు కట్టలేకపోయారో, ఎందుకో. ఆ పట్టిక అచ్చయిన తర్వాత గంజాయి గురించి మాట్లాడదాం. నేను వస్తాను.